సాంప్సన్ సిద్ధాంతము - మెయిగ్స్ సలహా

గర్భాశయపు లోపలి గోడను కప్పుచు ఒక మెత్తని పొర యుండును. అండాశయముల నుండి వచ్చు హార్మోనులకు లోబడి ఈ పొర ప్రతి నెల దళసరి యగును. పిండము వచ్చి చేరనిచో అది ఊడి, రక్తముతో కూడ వెలుపలికి పోవును. ఇదియే ఋతుస్రావము. కొందరు స్త్రీలలో ఈ పొరను పోలిన కణజాలము ఉండవలసిన చోట కాక అండాశయముల మీదను, గర్భాశయమునకు వెనుకనున్న పల్లపు భాగములోను, కడుపును లోపలి వైపున కప్పియుండు ఉదరవేష్టనము మీదను, పేగుల మీదను పెరుగుచుండును. చోటు మారినను దాని స్వభావము చాలవరకు మారదు. హార్మోనుల ప్రభావమున ఉబ్బును, రక్తమును స్రవించును. ఆ రక్తమునకు బయటికి త్రోవ లేదు. చుట్టునున్న భాగము వాచును, మచ్చ కట్టును, ఒక అవయవము మరియొక దానికి అతుకుకొని పోవును. ఈ వ్యాధికి ఎండోమెట్రియోసిస్ అని పేరు. సంతానము కనదగు వయస్సులోనున్న స్త్రీలలో నూటికి సుమారు పదిమందికి, అనగా ప్రపంచమున 19 కోట్లమందికి ఇది యున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా.

ఈ వ్యాధిని గూర్చి అమెరికాలో వెలువడిన వ్యాసములలో రెండింటికి ప్రత్యేకస్థానము కలదు. మొదటిది ఆల్బనీ నగరపు వైద్యుడు జాన్ సాంప్సన్ 1927లో ప్రకటించినది. వ్యాధి ఎట్లు పుట్టునో అది చెప్పినది. రెండవది బోస్టను నగరపు శస్త్రవైద్యుడు జో మెయిగ్స్ 1941లో ప్రకటించినది. వ్యాధి ఎవరికి వచ్చునో, రాకుండుటకు ఏమి చేయవలెనో అది చెప్పినది. మొదటి వ్యాసము నేటికిని పాఠ్యగ్రంథములలో నిలిచియున్నది. రెండవ దానిలోని సలహా గ్రంథముల నుండి చాలవరకు తొలగినను ఇండ్లలో నిలిచియున్నది. ఈ రెంటిని ప్రక్కప్రక్కన ఉంచి చదువుట విజ్ఞానశాస్త్ర విద్యార్థులకు మిక్కిలి లాభకరము. రెండింటిలోను కన్నులార చూచిన విషయములే కలవు. తేడా యెల్ల ఆ చూచినదాని నుండి ఎంతదూరము పోయిరన్న దానిలోనే యున్నది.

సాంప్సన్ మొదట 1921లో అండాశయములలో ఏర్పడు తిత్తులను వర్ణించెను. వానిలో నిలువయున్న పాత రక్తము నల్లగా, చిక్కగా ఉండుటచే వానికి చాకొలేట్ తిత్తులని పేరు వచ్చినది. తరువాత ఆయన కొందరు రోగులకు కావలెననియే బహిష్టు దినములలో శస్త్రచికిత్స చేసెను. ఆయన ప్రతిభ అంతయు ఇక్కడనే యున్నదనవచ్చును. మామూలు దినములలో కడుపు తెరచినచో కనిపించునవి పాత మచ్చలు మాత్రమే. బహిష్టు దినములలో తెరచినప్పుడు అండవాహికల చివరల నుండి రక్తము కడుపులోనికి కారుట ఆయన కంటబడినది. కాలువ నీరు కొంత ముందునకు పారుచు కొంత వెనుకకు తన్నినట్లు, ఋతురక్తములో కొంత భాగము వెనుకకు మరలి వాహికల ద్వారా కడుపులో పడుచున్నదనియు, దానితో కూడ కొట్టుకొని వచ్చిన పొర తునకలు విత్తనములవలె అంటుకొని మొలచుచున్నవనియు ఆయన 1927 వ్యాసములో వాదించెను.

మంచి సిద్ధాంతము కొన్ని విషయములను ముందుగా చెప్పగలుగవలెను. ఇది చెప్పగలిగినది. ద్రవము నిలుచు పల్లములలో వ్యాధి ఎక్కువగా ఉండవలెను, అట్లే యున్నది. పుట్టుకతోనే ఋతుస్రావపు దారి మూసికొనిపోయిన బాలికలలో వ్యాధి ఎక్కువగా రావలెను, వచ్చుచున్నది. గర్భాశయమును కోసి బిడ్డను తీసిన కాన్పుల తరువాత పొట్టమీది కుట్ల మచ్చలో సయితము అప్పుడప్పుడు ఈ కణజాలము మొలచుట వైద్యులు చూచుచున్నారు. 1950లో టెలిండ్, స్కాట్ అను వైద్యులు కోతుల గర్భాశయమును త్రిప్పి ఋతురక్తము కడుపులోనికే పడునట్లు చేయగా, వానిలో కొన్నింటికి వ్యాధి వచ్చినది.

సాంప్సన్‌ను విమర్శించిన వారు ఒక గట్టి ప్రశ్న వేసిరి. ఊడిపడిన పొర చచ్చిన పదార్థము కదా, అది మరల ఎట్లు మొలచును? దీనికి ఆయన 1940లో ఇచ్చిన సమాధానము ప్రతి ఉపాధ్యాయుడును తరగతిలో చెప్పదగినది. ఆ తునకలు ఎల్లప్పుడును చచ్చినవే యని తేలినచో తన సిద్ధాంతమును పూడ్చిపెట్టి మరచిపోవచ్చునని, అప్పుడప్పుడైనను బ్రతికియున్నవని తేలినచో సిద్ధాంతము కూడ బ్రతికియున్నట్లేనని ఆయన వ్రాసెను. తన మాట ఏ పరీక్షలో ఓడిపోవునో తానే చెప్పినవాడు శాస్త్రజ్ఞుడు. 1951లో కీటెల్, స్టీన్ అనువారు ఋతురక్తములోని తునకలను ప్రయోగశాలలో పెంచి, అవి పెరుగగలవని చూపిరి. సిద్ధాంతము బ్రతికినది.

బ్రతికినది కాని పూర్తిగా గెలువలేదు. 1984లో హాల్మె, అతని సహచరులు అండవాహికలు తెరచుకొనియున్న స్త్రీలను బహిష్టు సమయమున పరీక్షింపగా, నూటికి 90 మందికి కడుపులోని ద్రవములో రక్తము కనిపించినది. వ్యాధి లేనివారును వారిలో ఉన్నారు. వెనుకకు తన్నుట తొంబదిమందికి, వ్యాధి పదిమందికి! విత్తనము అందరి పొలములోను పడుచున్నది, మొలచుట కొందరి పొలములోనే. కావున సాంప్సన్ చూచినది వ్యాధికి దారి కావచ్చును గాని, దానినే పూర్తి కారణమనుటకు వీలులేదు. పుట్టుకతో గర్భాశయము లేని కొందరు స్త్రీలలోను, ప్రొస్టేట్ కాన్సరుకు ఈస్ట్రోజెన్ మందును చాలకాలము వాడిన కొద్దిమంది పురుషులలోను ఇటువంటి కణజాలము కనబడినది. అట్టివారికి ఋతుస్రావమే లేదు. ఉదరవేష్టనపు కణములే రూపు మార్చుకొని ఈ కణజాలమగునని జర్మనీకి చెందిన రాబర్ట్ మేయర్ చెప్పిన పాతవాదము ఇట్టివారి విషయమున ఎక్కువ సమంజసముగా తోచును.

తక్కిన భాగమును నేడు జన్యుశాస్త్రము, రోగనిరోధకశాస్త్రము వెదకుచున్నవి. కవలలను పరిశీలించిన వారు, ఈ వ్యాధి ఒకరికి వచ్చి మరియొకరికి రాకుండుటలోని తేడాలో సుమారు సగము వంశపారంపర్యమని లెక్కగట్టిరి. 2023లో అరువదివేలకు పైగా రోగుల జన్యుసమాచారమును పరిశీలించిన అంతర్జాతీయ బృందము, వ్యాధితో సంబంధమున్న స్థానములు జన్యుపటమున 42 కలవని ప్రకటించినది. హైదరాబాదులోని కణ, అణు జీవశాస్త్ర కేంద్రపు శాస్త్రజ్ఞులు 2005లోనే దక్షిణ భారత స్త్రీలలో, రక్తనాళముల పెరుగుదలకు సంబంధించిన ఒక జన్యువులోని భేదమును ఈ వ్యాధి దృష్టితో పరిశీలించియుండిరి. ఒక్కొక్క జన్యుభేదపు ప్రభావము కొంచెమే. అన్నియు కలిసినను ఎవరికి వచ్చునో ముందుగా చెప్పుటకు చాలవు.

ఇక మెయిగ్స్. ఆయన సామాన్యుడు కాడు. అండాశయపు కంతితో కూడ కడుపులోను ఛాతీలోను నీరు చేరు ఒక లక్షణసముదాయము నేటికిని ఆయన పేర ప్రసిద్ధము. ఆయన చూచినదేమనగా, తనకు డబ్బిచ్చి చికిత్స చేయించుకొను సొంత రోగులలో ఎండోమెట్రియోసిస్ ఎక్కువగాను, ఉచిత వార్డులలోని బీదస్త్రీలలో తక్కువగాను ఉన్నది. బీదస్త్రీలు చిన్నతనముననే పెండ్లియాడి పిల్లలను కనుచున్నారు. సంపన్నస్త్రీలు చదువులకని, డబ్బు కూడబెట్టుటకని ఆలస్యము చేయుచున్నారు. కోతులు ఈడు రాగానే జతకట్టి గర్భము ధరించును. ఏండ్లతరబడి గర్భము లేక ఋతుస్రావము జరుగుట ప్రకృతివిరుద్ధము. కావున త్వరగా పెండ్లి, త్వరగా సంతానము ఈ వ్యాధికి నివారణోపాయమని, అవసరమైనచో తల్లిదండ్రులు ధనసహాయము చేసియైనను యువదంపతులు సంతానము కనునట్లు చూడవలెనని ఆయన వాదము. 1953లో ప్రకటించిన మరియొక వ్యాసములోను ఆయన పెండ్లి వయస్సును, కాన్పుల సంఖ్యను కారణములుగానే చర్చించెను. దీని నుండియే "ఉద్యోగినుల వ్యాధి" అను మాట పుట్టి, కొన్ని దశాబ్దములు వైద్యుల నోటను, పత్రికలలోను ఆడినది.

ఈ వాదములో మొదటి లోపము లెక్కలోనే యున్నది. ఆ దినములలో వ్యాధిని నిర్ణయించుటకు కడుపు కోసి చూచుట తప్ప వేరు మార్గము లేదు. ఎవరి కడుపు కోసిరి? నొప్పి యని చెప్పుకొనుటకు వైద్యుడు, వినుటకు తీరిక, చెల్లించుటకు డబ్బు ఉన్నవారిది. వార్డులోని బీదస్త్రీకి, ముఖ్యముగ నల్లజాతి స్త్రీకి, అదే నొప్పి ఉన్నప్పుడు అది కటిభాగపు అంటువాపు అని చీటీ వ్రాసి పంపెడివారు. ఆ చీటీలో ఆమె నడవడి మీద ఒక నింద కూడ దాగియుండెడిది. 1976లో చికాగోకు చెందిన డొనాల్డ్ చాట్‌మన్ తన నల్లజాతి రోగులను లాపరోస్కోపు అను దుర్భిణితో పరీక్షించినప్పుడు, ఐదింట ఒకరికి మించి ఎండోమెట్రియోసిస్ కనబడినది. వారిలో అనేకులకు పూర్వము వ్రాసియిచ్చినది అంటువాపు చీటీయే. వల వేసిన చెరువులోనే చేపలున్నవని చెప్పినట్లున్నది మెయిగ్స్ గణాంకము.

రెండవ లోపము ఇంకను పెద్దది. పిల్లలు లేని స్త్రీలలో వ్యాధి ఎక్కువగా నున్నమాట నిజము. కాని ఈ వ్యాధి గర్భధారణకు అడ్డుపడును. అట్లుండగా పిల్లలు లేకపోవుట వ్యాధికి కారణమా, ఫలితమా? కుంటుచు నెమ్మదిగా నడచువానిని చూచి, నెమ్మదిగా నడచుట చేతనే వానికి కుంటి వచ్చినదనుట ఎట్టిదో ఇదియు నట్టిది. బిడ్డను కనుటకు అడ్డమగు వ్యాధికి బిడ్డను కనుటయే మందని చెప్పుట విన్న స్త్రీ ఏమి చేయవలెను? కనలేకపోయినచో తప్పు వ్యాధిది కాక, ఆలస్యము చేసిన ఆమెదే యగును. కోతుల ఉపమానము సయితము నిలువలేదు. రీసస్ కోతులకు, బాబూన్‌లకు ఈ వ్యాధి తనంత తానుగా వచ్చుచున్నట్లు తరువాతి పరిశోధకులు చూచిరి. వానికి చదువులును లేవు, కొలువులును లేవు.

మెయిగ్స్ మాటలో సత్యాంశము ఏమియు లేదనుట కూడ న్యాయము కాదు. గర్భము ధరించినప్పుడు, పాలిచ్చునప్పుడు ఋతుస్రావము నిలిచిపోవును, వెనుకకు తన్నుటయు నిలుచును. కొందరికి ఆ కాలమున బాధ తగ్గును. చిన్నవయస్సుననే రజస్వలలైనవారికి, నెలసరి త్వరత్వరగా వచ్చువారికి వ్యాధి వచ్చు అవకాశము కొంత హెచ్చు. కాని తగ్గుట వేరు, పోవుట వేరు. గర్భము వ్యాధిమీద చూపు ప్రభావమును గూర్చి వచ్చిన పరిశోధనలను 2018లో సమీక్షించినవారు, కొందరిలో మచ్చలు చిన్నవగుట, కొందరిలో మారకుండుట, కొందరిలో పెరుగుట కూడ కలదని చూపి, ఈ నమ్మకమునకు తగిన ఆధారము లేదనిరి. వ్యాధిని తగ్గించుటకే యని గర్భము ధరింపుమని రోగికి సలహా యీయరాదని ఐరోపా సంతానశాస్త్ర సంఘము 2022 నాటి మార్గదర్శకములలో స్పష్టముగ వ్రాసినది. 1941కి, 2022కి నడుమ 81 ఏండ్లు.

తెలుగు ఇండ్లలో మెయిగ్స్ పేరు తెలిసినవారుండరు. "పెళ్ళయితే తగ్గిపోతుంది", "ఒక కాన్పయితే అదే సర్దుకుంటుంది" అను మాట విననివారును ఉండరు. సామాన్యమైన ముట్టునొప్పి కొందరికి కాన్పు తరువాత తగ్గుటచే ఈ మాటకు బలము వచ్చినది. ఆ నొప్పిని, ఈ వ్యాధిని ఒకే గాట కట్టుటతో చిక్కు వచ్చినది. లక్షణములు మొదలైన పిమ్మట వ్యాధి ఇదియని తేలుటకు సగటున నాలుగు నుండి పన్నెండు ఏండ్లు పట్టుచున్నదని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పుచున్నది. ఇందులో కొంత కాలము ఇంటిలోనే గడచిపోవును. ప్రత్యుత్పత్తి పాఠము రాగానే "ఇది ఇంటివద్ద చదువుకొనుడు" అని పుట త్రిప్పు తరగతి గదులకును ఇందులో కొంత వాటా కలదు.

వ్యాధి గర్భధారణకు ఎట్లు అడ్డుపడునో చూచినచో మెయిగ్స్ సలహా ఎంత సరళమో తెలియును. అండాశయము నుండి విడుదలయైన అండమును అండవాహిక చివరనున్న అంచుకుచ్చు అందుకొనవలెను. వ్యాధి ముదిరినప్పుడు వాహిక, అండాశయము, పేగు ఒకదానికొకటి అతుకుకొని ఈ అందుకొనుట జరుగదు. ఇది యంత్రము చెడుట వంటిది, సులభముగ అర్థమగును. కాని అతుకులేవియు లేక, రెండు మూడు చిన్నమచ్చలు మాత్రమున్న స్త్రీలకు సయితము గర్భము ఆలస్యమగుచున్నది. వారిలో కడుపులోని ద్రవము వాపును కలిగించు రసాయనములతో నిండి, అండమునకు, శుక్రకణములకు, వాని కలయికకు హాని చేయుచున్నదని పరిశోధకుల అభిప్రాయము. గర్భాశయపు లోపొర ప్రొజెస్టిరోన్ హార్మోనుకు సరిగా లోబడక, పిండము నాటుకొనుటకు అనుకూలపడకుండుట మరియొక కారణము. చాకొలేట్ తిత్తి అండాశయములోని అండముల నిలువను తగ్గించును. ఆ తిత్తిని ఒలిచివేయు శస్త్రచికిత్స కూడ దానితోపాటు కొంత మంచిభాగమును ఊడ్చి, నిలువను మరికొంత తగ్గించును!

ఆరోగ్యముగానున్న యువదంపతులకు ఒక నెలలో గర్భము వచ్చు అవకాశము నూటికి 15 నుండి 20 వరకు ఉండగా, ఈ వ్యాధి గలవారికి 2 నుండి 10 వరకని సాధారణముగ చెప్పుదురు. ఇవి తగ్గిన అంకెలే గాని సున్నలు కావు. చికిత్స లేకయే తల్లులైనవారు చాలమంది కలరు. "గొడ్రాలు" అను క్రూరమైన మాటకు వైద్యశాస్త్రములో చోటు లేదు.

వ్యాధి ఎంత ఉన్నదో కొలుచుటకు 1979లో అమెరికను ఫెర్టిలిటీ సొసైటీ ఒక గుణపత్రమును తయారుచేసి, 1985లో మార్చినది. 1996లో అది మరల సవరింపబడినది. మచ్చలకు, అతుకులకు గుణములు వేసి కూడుదురు. 5 వరకు మొదటి దశ, 15 వరకు రెండవది, 40 వరకు మూడవది, ఆపైన నాలుగవది. గర్భాశయము వెనుకనున్న పల్లము పూర్తిగా మూసికొని పోయినచో ఆ ఒక్కదానికే 40 గుణములు. సంతానసాఫల్యమును కోరు సంఘము చేసిన పత్రమే యైనను, గర్భము వచ్చునా రాదా అన్నది దీనివలన సరిగా తేలదు. నొప్పి ఎంత యుండునో అసలే తేలదు. మొదటి దశలోనున్న స్త్రీ నేలమీద పడి దొర్లుచుండవచ్చును. నాలుగవ దశలోనున్నామె వేరొక పనికి పరీక్ష చేయించుకొనగా వ్యాధి యున్నదని మొదటిసారి తెలియవచ్చును. అడవిలో ఎన్ని చెట్లున్నవో లెక్కించి, ఎన్ని పులులున్నవో చెప్పబోయినట్లున్నది ఈ కొలత.

చికిత్సల విషయములోను ఇట్టి జాగ్రత్తయే అవసరము. హార్మోను మందులు నొప్పిని తగ్గించును. కాని అవి అండము విడుదలను ఆపి పనిచేయునవి గనుక వాడినంతకాలము గర్భము రాదు, మానిన తరువాత అవకాశము పెరుగదు. కావున గర్భము కొరకు వానిని ఈయరాదు. శస్త్రచికిత్స మాటకు వచ్చినచో, 1997లో కెనడాలో 341 మంది స్త్రీలపై జరిగిన పరీక్ష ప్రసిద్ధమైనది. వారందరికిని వ్యాధి కొద్దిగానే యున్నది. చీట్లు తీసినట్లు వారిని రెండు భాగములు చేసి, ఒక భాగమునకు మచ్చలను తొలగించిరి, రెండవ భాగమునకు చూచి ఊరకుండిరి. 36 వారములలో గర్భము ధరించి 20 వారములు దాటినవారు మొదటి భాగమున నూటికి 30.7, రెండవ భాగమున 17.7. తేడా 13. అనగా సుమారు ఎనిమిదిమందికి చికిత్స చేసినచో ఒకరికి అదనముగా ఫలితము. 1999లో ఇటలీలో సుమారు నూరుమందితో జరిగిన ఇట్టి పరీక్షలో తేడా కనబడలేదు. రెంటిని కలిపి చూచినను లాభము మిగిలినదిగాని చిన్నదైనది. ఈ లెక్కను నల్లబల్లమీద వేసి చూపుట పదవ తరగతికి కూడ సాధ్యమే.

2010లో ఆడమ్సన్, పాస్టా అనువారు పాతపత్రపు లోపమును దిద్దుటకు పది గుణముల క్రొత్త సూచిక నొకదానిని చేసిరి. శస్త్రచికిత్స ముగిసిన పిమ్మట, ప్రయోగశాలలో ఫలదీకరణము అవసరము లేకయే గర్భము వచ్చు అవకాశమెంతో ఇది చెప్పును. ఇందులో 35 ఏండ్లలోపు వయస్సునకు రెండు, మూడేండ్లకు మించని నిరీక్షణకు రెండు, ఇదివరకొకసారి గర్భము వచ్చియుండుటకు ఒకటి, వాహికలు అండాశయములు పనిచేయు స్థితికి మూడు గుణములు. పాతపత్రము కొలుచు మచ్చలకు, అతుకులకు కలిపి మిగిలినవి రెండే! ముప్పదియేండ్ల స్త్రీ రెండేండ్లుగా సంతానమునకు ఎదురుచూచుచున్నదనుకొనుడు. పాతలెక్కలో ఆమెది నాలుగవ దశ. మచ్చల గుణము ఎక్కువే, కాని మొత్తము 70 దాటలేదు. శస్త్రచికిత్సతో వాహికలు చక్కబడినవి. ఆమెకు పదింట 8 వచ్చును. నలుబదియొకటవ యేట, ఐదేండ్లుగా ఎదురుచూచుచున్న మరియొక స్త్రీది మొదటి దశయే, వాహికలు బాగుగనే యున్నవి. ఆమెకు 5 వచ్చును.

వయస్సునకు గుణములిచ్చుటచే మెయిగ్స్ మాటయే నెగ్గినదనువారుండవచ్చును. వయస్సుతో అండములు తరుగుట వ్యాధి యున్నవారికిని లేనివారికిని సమానమే. అది గర్భము వచ్చు అవకాశమును గూర్చిన మాట, వ్యాధి పుట్టుకను గూర్చిన మాట కాదు. ఆయన కలిపివేసినది ఈ రెంటినే.

నొప్పికి ఈ క్రొత్త సూచికలోను గడి లేదు. ప్రతి నెల మూడు దినములు బడి మానివేయు పదునాలుగేండ్ల బాలిక వీనిలో దేనిలోను లెక్కకు రాదు. ఆమె విషయమున మాత్రము 2022 మార్గదర్శకములు ఒక మార్పు తెచ్చినవి. వ్యాధిని నిర్ధారించుటకు లాపరోస్కోపు తప్పనిసరి యను పాతనియమము సడలినది. అల్ట్రాసౌండు, ఎం.ఆర్.ఐ. పరీక్షలలో ఏమియు కనబడకున్నను వ్యాధి లేదని త్రోసివేయరాదు. లక్షణములను బట్టియే వైద్యుడు మందులు ప్రారంభించి చూడవచ్చును.